ఇరవై నిమిషాలకోసారి ఆగిన కంప్రెసర్: కట్టంగూర్ నుంచి ఆత్మకూర్ దాకా

నా మేనకోడలు లక్ష్మమ్మ ఫోన్ చేసి రెండే మాటలు చెప్పింది. బోరు పూడిపోయింది, ఆదివారం పొద్దున గొర్రెల బేరగాడు వస్తున్నాడు. ఆమెది ఆత్మకూరుకు ఏడు కిలోమీటర్ల అవతల, గడ్డ మీద ఊరు. కృష్ణ దగ్గరే పారుతున్నా కాలువ నీళ్ళు అక్కడికి ఎక్కవు. ఎనభై గొర్రెలకు, ఇంటికి ఆ బోరొక్కటే ఆధారం. బోరు వేసినవాళ్ళు కేసింగ్ పైపును రాయి తగిలేదాకా దింపకుండా పైపైన దించి వెళ్ళిపోయారు. పక్కల మట్టి జారి అడుగున నిండింది. గాలి కొట్టి కడిగితే మళ్ళీ నీళ్ళు పడతాయి. అక్కడి కంప్రెసర్ల వాళ్ళు ఇద్దరు వచ్చి చూశారట. పాత బోరు, పైపు ఇరుక్కుంటే మా మీదికి వస్తుందని చెప్పి, చాయ్ తాగి వెళ్ళిపోయారట. ఆ మాట విన్నప్పుడు మొదలైన కోపం నాకు మూడు రోజులు దిగలేదు. శనివారం తెల్లవారుజామున నా మిషన్ కట్టుకుని బయల్దేరాను. మన వైపు నుంచి పాలమూరుకు మిషన్ తీసుకుపోదామనుకునే వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నాది రెండు చక్రాల పాత డీజిల్ కంప్రెసర్. ముప్పై ఏళ్ళుగా బావుల్లో, బోర్ల మీద దానితోనే బతికాను. దాని మోతకు నా చెవులు సగం పోయాయి. చలికాలమంతా కొట్టంలో ఊరికే ఉంది. డీజిల్ ట్యాంకు మూత మరలు అరిగిపోతే నల్లగొండలో కొత్త మూత కొని బిగించాను. ఐదు నిమిషాలు నడిపి చూశాను, బాగానే నడిచింది. మిషన్ జిల్లా దాటుతోందంటే నిమ్మకాయ కట్టి, పసుపు నూనెలో కలిపి రాసి, కుంకుమ పెట్టడం మా అలవాటు. మిగతా మిషనంతా జిడ్డే. గుండ్రంగా, శుభ్రంగా ఉండేది డీజిల్ మూత ఒక్కటే. అందుకే ఎప్పుడూ బొట్టు దానికే పెడతాను. ఆ రోజు కూడా నా చేత్తోనే పెట్టాను.

పికప్ బండి కిరాయి పోను రాను, డీజిల్‌తో కలిపి పది వేలు. డ్రైవర్ సత్తయ్యది మా ఊరే. నాలుగున్నరకు కట్టంగూర్ దాటాం. వెనక కంప్రెసర్ ఉంటే నలభై కంటే ఎక్కువ వేగం పోవద్దు. ఐదున్నరకు నల్లగొండ, ఏడున్నరకు దేవరకొండ. అక్కడి నుంచి డిండి దాకా రోడ్డు మీద గుంతలున్నాయి, ప్రతి గుంతకూ దిగి, మిషన్ బండికి తగిలించిన కొక్కెం చూసుకున్నాను. డిండిలో ఇడ్లీ తిన్నాం, ఇద్దరికి ఎనభై రూపాయలు. చట్నీ పులిసింది. ఆ మాట నేను అనలేదు, సత్తయ్య అన్నాడు, వాళ్ళు వేరే తెచ్చారు. కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, వనపర్తి మీదుగా పన్నెండున్నరకు ఆత్మకూర్ చేరాం. దారంతా సత్తయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. నేను మొహం ముడుచుకుని రోడ్డు చూస్తున్నాను. ఒకచోట బండి ఆపి, "కాకా, మొకం గట్ల వెట్టుకుంటే గొర్లు బెదిరి నీళ్ళు తాగుతయా?" అన్నాడు. కోపంలో కూడా నవ్వొచ్చింది. కనిపించకుండా కిటికీ వైపు తిరిగాను.

ఊరు చేరేసరికి ఒంటి గంట. లక్ష్మమ్మ భర్త మందను నీళ్ళ కోసం నది వైపు తోలుకుపోయాడు. ఇరవై రోజులుగా రోజూ అదే నడక. రెండు గొర్రెలు దారిలోనే పడిపోయాయట, ఈనే గొర్రెలు ఇంకో పది ఉన్నాయట. ఇవ్వాళ నీళ్ళు పడకపోతే రేపు బేరగాడు చెప్పిన ధరకు మంద మొత్తం పోతుంది. ఇవన్నీ ఆమె అన్నం వడ్డిస్తూ చెప్పింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. తిన్నది తిన్నట్టు లేచి పైపులు దింపడం మొదలుపెట్టాం.

బోరు కడిగే పని తెలియని వాళ్ళ కోసం చెబుతాను. ఇనుప పైపును బోరులోకి అడుగు దాకా దింపి గాలి వదులుతారు. మట్టి, నీళ్ళు కలిసి పైకి చిమ్ముతాయి. మధ్యలో గాలి ఆగితే పైకి లేచిన మట్టి మళ్ళీ కిందికి వచ్చి పైపు చుట్టూ కూర్చుంటుంది. అట్లా నాలుగైదుసార్లు కూర్చుంటే పైపు కదలదు. పైపు కదలకపోతే ఆ బోరు ఇక లేనట్టే. అక్కడివాళ్ళు భయపడి వెళ్ళిపోయింది ఇందుకే.

రెండు గంటలకు మిషన్ నడిపాను. బురద చిమ్మింది. ఇరవై నిమిషాలకు ఇంజన్ గొంతు తగ్గి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. మూత తీసి పుల్లతో డీజిల్ కొలిచాను, సగం పైనే ఉంది. ఆయిల్ చూశాను, ఉంది. రేడియేటర్‌లో నీళ్ళు నిండుగా ఉన్నాయి, వేడి ముల్లు మధ్యలోనే ఉంది. మూత పెట్టి సెల్ఫ్ కొట్టాను, లేచింది. మళ్ళీ ఇరవై నిమిషాలు, మళ్ళీ ఆగింది. ఈసారి డీజిల్ ఫిల్టర్ మార్చాను. చేతి పంపు కొట్టి పైపుల్లో గాలి తీశాను. మూత తీసి డీజిల్ వాసన చూశాను, కల్తీ ఏమో అని బంకు వాడిని మనసులో తిట్టాను. లేచింది. ఇరవై నిమిషాలకు ఆగింది. మూత తీసి డీజిల్ మళ్ళీ చూశాను. ఆయిల్ తక్కువైతే ఇంజన్‌ను దానంతటదే ఆపేసే స్విచ్ ఒకటుంటుంది, దాని వైరు తీసి పక్కన పెట్టాను. ఇది మంచి పని కాదు, మీరు చెయ్యకండి. ఆయిల్ ఒత్తిడి చూపే గడియారం మీద కన్ను పెట్టి నడిపాను. అయినా ఆగింది.

మూడోసారి ఆగినప్పుడే అనుకుంటా, లక్ష్మమ్మ దగ్గరికొచ్చి, "మామా, గా మూత తీసినప్పుడల్లా బుస్సుమంటాంది," అంది.

ముప్పై ఏళ్ళ పనివాడిని నేను, గొర్రెలు కాసే మనిషి నాకు చెప్పడమా అనిపించింది. "నీ గొర్ల సంగతి నువ్ చూస్కో. మిషన్ సంగతి నాకొదిలెయ్," అన్నాను. అన్నానంటే, అరిచాను. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల మీద గొంతెత్తింది లేదు. నా చెల్లెలు పోయినప్పుడు ఈమె చెయ్యి నా చేతిలో పెట్టిపోయింది. లక్ష్మమ్మ "సరే మామా" అని పోయి పైపు పట్టుకుంది.

సత్తయ్య ఆత్మకూరు పోయి ఒక మెకానిక్‌ను తీసుకొచ్చాడు. నాలుగు గంటలకు వచ్చాడు. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగాడు, ఒక బోల్టు కూడా విప్పలేదు. "డీజిల్ పంపు పోయింది పెద్దాయన. ఇప్పి వనపర్తికి వంపాలె. మూడొద్దులు పడ్తది," అన్నాడు. పోతూ పోతూ, "గీ ముసల్దాన్ని ఇనుప సామానోనికి ఎయ్యరాదు?" అని నవ్వి, మూడు వందలు తీసుకున్నాడు. పానా పట్టుకుని అట్లనే నిలబడ్డాను. వాడు బైకు మలుపు తిరిగాక తిట్టాను. ఎవరికి వినబడాలి?

మూత తీసి డీజిల్ చూసి ఐదోసారి నడిపాను. ఇంజన్ ఆగింది, పైపు కూడా పట్టేసింది. నేనూ సత్తయ్యా పెద్ద పానా వేసి గంట సేపు తిప్పాం. అంగుళం కదల్లేదు. ఐదున్నర అయింది. దూరంగా మంద వస్తున్న దుమ్ము కనిపిస్తోంది. చక్రానికి ఆనుకుని కూర్చున్నాను. బోరు పోగొట్టింది నేనే. చాయ్ తాగి వెళ్ళిపోయిన ఇద్దరి కంటే నేను చెడ్డవాణ్ణి, వాళ్ళు కనీసం పైపు ఇరికించలేదు.

లక్ష్మమ్మ వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుని లేపింది. "ఇనవడదు గద నీకు. చెయ్యి వెట్టు," అంది. నా అరచేతిని డీజిల్ మూత అంచుకు ఆనించి, తాను మూతను మెల్లగా అరచుట్టు తిప్పింది.

చర్మం లోపలికి గుంజుకుంది. గాలి నా చేతి కింద నుంచి ట్యాంకులోకి పోతోంది.

అప్పుడు అర్థమైంది. డీజిల్ కిందికి దిగుతుంటే దాని జాగాలోకి పైనుంచి గాలి రావాలి. రాకపోతే ట్యాంకు డీజిల్‌ను పట్టేసుకుంటుంది, ఇంజన్ ఆకలికి ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా నేను మూత తీసి చూస్తున్నాను కాబట్టి గాలి లోపలికి పోయి మళ్ళీ ఇరవై నిమిషాలు నడుస్తోంది. పాత మూతకు గాలి రంధ్రం పక్కన, అంచు కింద ఉండేది. కొత్త మూతకు ఎక్కడుందో నేను చూడనే లేదు. చొక్కా అంచుతో కుంకుమ తుడిచాను, పసుపు గీకాను. నూనె, దుమ్ము కలిసి గట్టిపడి ఉంది. సరిగ్గా బొట్టు పెట్టిన చోటే, నడిమధ్యలో, ఆవగింజంత రంధ్రం.

లక్ష్మమ్మ గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. రంధ్రం పొడిచి ఊదాను. సత్తయ్య చూసి, "కాకా, దేవునికని వెట్టిన బొట్టు ఇంజన్ ముక్కుల వెట్టినవా?" అన్నాడు. వాడిని కొట్టాలనిపించింది. నిజానికి కొట్టాల్సింది ఎవరినో నాకు తెలుసు.

మిషన్ లేచింది. గాలి మొత్తం వదిలి, పైపును ఇద్దరం కుడికీ ఎడమకూ ఆడిస్తూ పోయాం. ఇరవై నిమిషాలు దాటింది. ముప్పై. నలభై నిమిషాలకు పైపు ఒక్కసారిగా వదులైంది, ఎర్ర బురద మా తలల మీదుగా లేచింది. తర్వాత బూడిద రంగు, తర్వాత పలచగా, పొద్దు గూకే వేళకు తేట నీళ్ళు. గొర్రెలు ఆగలేదు. నీళ్ళు తొట్టిలోకి పోకముందే, బోరు నుంచి పారే పిల్లకాలువలోనే మూతులు పెట్టాయి. లక్ష్మమ్మ భర్త కర్ర పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు, అదిలించలేదు.

పొద్దున బేరగాడు వచ్చాడు. లక్ష్మమ్మ చాయ్ ఇచ్చి పంపించింది. మేం బయల్దేరుతుంటే పళ్ళెంలో పసుపు కుంకుమ తెచ్చి మిషన్ ముందు నిలబడింది. "ఏడ వెట్టాలె మామా?" అని అడిగింది. నిన్న అరిచినందుకు ఒక మాట అనాలని రాత్రి నుంచి అనుకుంటున్నాను. బండి కొక్కెం పైన ఇనుప పట్టీని తుడిచి చూపించాను. అక్కడ పెట్టింది.

తిరుగు దారంతా నా మీద నాకు కోపమే. మెకానిక్ మీద కూడా ఉంది, అది వేరు. వాడు చూడకుండా చెప్పాడు. నేను చూసి కూడా, చెప్పిన మనిషి మాట వినలేదు. నా చెవులు పోయాయని తెలిసి కూడా, చెవులున్న మనిషిని గొర్రెల దగ్గరికి పొమ్మన్నాను. ఆమె నా కోపాన్ని పట్టించుకుని దూరంగా నిలబడి ఉంటే, ఇప్పుడు ఆ బోరులో నా పైపు ఉండేది, ఆమె కొట్టంలో గొర్రెలు ఉండేవి కావు.

మీ మిషన్ కొంతసేపు నడిచి ఆగి, మళ్ళీ లేచి, మళ్ళీ ఆగుతుంటే, ఏదీ విప్పకముందు డీజిల్ మూతను అరచుట్టు తిప్పి అంచున అరచెయ్యి ఆనించండి. చర్మం గుంజితే మూత రంధ్రం పొడవండి, పిన్నీసు చాలు. బొట్టు కొక్కేనికి పెట్టుకోండి.