బలవంతంగా తిరగబడ్డ మహానుభావులు

యూనివర్సిటీలో హిస్టరీ చదువుతున్నానంటే ఇక్కడ ఆస్ట్రేలియాలోని తెలుగు అంకుల్స్ ముందు జాలిపడతారు, ఆ తర్వాత "ఐటీకి మారొచ్చులేమ్మా" అని ధైర్యం చెప్తారు. ఆ సెమిస్టర్ నా పని ఇంకా ఘోరం. ఆరొందల ఏళ్ల కిందట ఇంగ్లాండులో మామూలు జనం పన్నుల మీద తిరగబడి, దొరల ఇళ్లల్లో ఉన్న కాగితాలన్నీ తగలబెట్టారు. తర్వాత వాళ్లని పట్టుకుని కోర్టుల్లో నిలబెట్టారు. ఆ కోర్టు రికార్డులు ఇప్పుడు ఆన్‌లైన్లో ఉన్నాయి. ఇంటికెళ్లే క్రెయిగీబర్న్ రైల్లో కూర్చుని ఫోన్లో వాటిని చదవడమే నా అసైన్‌మెంట్.

మన వీరులు జడ్జి ముందు ఏం గర్జించారా అని చూస్తే, ఒకడి తర్వాత ఒకడిది ఒకటే పాట. "నేను రానన్నా అయ్యా, రాకపోతే తల తీస్తామని లాక్కెళ్లారు." ఊరు ఊరంతా ఎవరో లాక్కెళ్తేనే వెళ్లింది. లాగినవాడు మాత్రం ఎక్కడా కనపడడు.

సరిగ్గా అదే వారం మా సబర్బ్‌లోనూ తిరుగుబాటు మొదలైంది.

అమ్మ ప్రతి ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో పిల్లలకి తెలుగు నేర్పిస్తుంది. మా తెలుగు సంఘం ప్రెసిడెంట్ అంకుల్ ఆ టైమ్ తీసేసి బాడ్మింటన్‌కి ఇచ్చేశాడు. మన పిల్లలకి తెలుగు పోతోందని ప్రతి ఉగాదికీ స్టేజీ ఎక్కి కన్నీళ్లు పెట్టుకునేదీ ఆయనే. వేరే హాలు ఖాళీ లేదు. ఒక పిల్లాడు ఫోన్ చేసి, "టీచర్, ఈజ్ తెలుగు ఫినిష్డ్?" అని అడిగాడు. అమ్మ ఏదో సర్దిచెప్పి, వంటింట్లోకెళ్లి తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

నాన్న వెంటనే ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టారు. అంకుల్స్ అందరూ చేరారు. ఎమోజీల్లో పిడికిళ్లు, మంటలు, సింహాలు. "ఇక ఊరుకునేది లేదు" అన్నారొకరు. ఇంకో అంకుల్ అయితే "ఎవరున్నా లేకపోయినా నేను ముందుంటా" అని వాయిస్ మెసేజే పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం పార్కులో సంఘం బార్బీ, అదే, బార్బెక్యూ. అక్కడ అందరం కలిసి అడగాలని తీర్మానం.

అడిగాను. చేతిలో పట్టకారుతో చికెన్ తిప్పుతున్న ప్రెసిడెంట్ ముందుకెళ్లి, "అంకుల్, అమ్మ క్లాసు టైమ్ వెనక్కివ్వండి. ఇది మా అందరి మాట" అన్నాను.

ఆయన నవ్వుతూ నా వెనక్కి చూశాడు. "అందరంటే ఎవరమ్మా?"

ముందుంటానన్న అంకుల్ రెండడుగులు వెనకున్నాడు. "నాకసలు తెలీదండీ. నన్నెవరో యాడ్ చేశారు."

"నేను మ్యూట్‌లో పెట్టేశానండీ, చదవను కూడా" అన్నాడు గ్రూప్ నిండా సింహాలు పెట్టిన అంకుల్.

నాన్న కాలుతున్న క్యాప్సికమ్ వైపు శ్రద్ధగా చూస్తూ, "నన్ను కూడా ఎవరో యాడ్ చేసినట్టున్నారు" అన్నారు. గ్రూప్ అడ్మిన్ ఆయనే.

"పోన్లెండి, చల్లారిపోతుంది, తినండి" అన్నాడు ప్రెసిడెంట్. క్షమాభిక్ష దొరికింది, పక్కన ఉల్లిపాయ ముక్కలతో సహా.

కార్లో నేను ఊరుకోలేదు. "గ్రూప్ పెట్టింది నువ్వు కాదా నాన్నా?"

"నలుగురిలో బతకాలి కదమ్మా."

"ఆ నలుగురూ వెనక్కెళ్లారు. నువ్వు క్యాప్సికమ్‌లోకెళ్లావు."

అమ్మ కిటికీలోంచి చూపు తిప్పకుండా, "వచ్చే ఆదివారం గరాజ్‌లోంచి కార్లు బయట పెట్టండి" అంది. అంతే.

అమ్మ పిల్లల ఇళ్లకి కబురు పంపింది. ఆ ఆదివారం నాన్న కార్లు తీశారు. ఊడ్చారు, చాపలు పరిచారు. పిల్లలు వస్తారని నాకూ నాన్నకీ నమ్మకం లేదు.

ముందొచ్చింది ముందుంటానన్న అంకులే. కారు మా ఇంటి ముందు కాదు, సందు మూల మీద ఆపాడు. ఇద్దరు పిల్లల్ని నడిపించుకొచ్చి, నా దగ్గర గొంతు తగ్గించాడు. "కమిటీలో ఎవరికీ చెప్పకు తల్లీ." అతని వెనక అదే మూల మీద సింహాల అంకుల్ కారు, దాని వెనక ఇంకోటి. ఎవరి ఇంజనూ ఆగలేదు.

నాకు ఒళ్లు మండింది. ఫోనెత్తి వీడియో ఆన్ చేశాను. మొత్తం సంఘం చూడాలి, ఎవరెవరు ఎక్కడ దాక్కున్నారో.

"దించవే" అంది అమ్మ గరాజ్‌లోంచి. "వీళ్లు భయపడితే వచ్చే వారం ఆ పిల్లలు రారు."

లోపల చాప మీద కూర్చున్న పిల్లాడు అప్పటికే "అ, ఆ" అంటున్నాడు, ఆస్ట్రేలియా యాసలో. వీడియో డిలీట్ చేశాను, పళ్లు కొరుక్కుంటూ.

"ఎవరికీ చెప్పను లెండి అంకుల్" అన్నాను. "కానీ క్లాసయ్యాక తీసుకెళ్లడానికి మూల మీద కాదు, ఇంటి ముందుకే రండి."