పెరుగన్నం దాకా కూర్చోని మనిషి

రియాద్‌లోని మలాజ్ పేటలో నా పక్క గదిలో ఉండే ఒక శాస్త్రవేత్త, ల్యాబ్‌లో పెంచిన కణాల్లో కొలెస్ట్రాల్ ఎలా కదులుతుందో పరిశోధించేవారు. శుక్రవారం భోజనానికి మా గదికి వచ్చినా, పెరుగన్నం దాకా ఏనాడూ కూర్చోలేదు. "కణాలకు సెలవుండదు తమ్ముడూ, తిండి మార్చాలి," అని వెళ్లిపోయేవారు.

"మీదీ నిత్య నైవేద్యమే అన్నా," అని, హేతువాదినని చెప్పుకునే నేను ఒకసారి దెప్పాను.

"దేవుడు పస్తున్నా చావడు. ఇవి చస్తాయి," అన్నారు.

తర్వాత ఆయన కాంట్రాక్టును ల్యాబ్ వాళ్లు పొడిగించలేదు. ఇక దేశం వదిలి వెళ్లిపోవాలని పాస్‌పోర్టులో ఫైనల్ ఎగ్జిట్ ముద్ర పడింది. పని కొనసాగించేవాళ్లు లేక, ఏళ్ల తరబడి సాకిన కణాల మీద ఆయనే బ్లీచ్ పోశారు.

మరుసటి శుక్రవారం, భోజనం మధ్యలో గడియారం చూసి అలవాటుగా లేచారు. క్షణం నిలబడి, మళ్లీ కూర్చున్నారు.

"కాస్త పెరుగు వెయ్యి తమ్ముడూ."