నన్ను నమ్మకు కాకా

పాశమైలారం దగ్గర మా పొలం ఫ్యాక్టరీల కింద పోయినప్పుడు బాపు ఏడవలేదు. పరిహారం పైసలతో సదాశివపేట అవతల రెండెకరాలు కొంటానన్నాడు. పొలం లేకపోతే తాను మనిషే కాదన్నంత పట్టుదల ఆయనది. తీరా చూస్తే ఆ రెండెకరాలకు కొంత తక్కువ పడింది. ఏడాదో రెండేళ్లో పైసలు ఎక్కడైనా పెట్టి పెంచుకోవాలి. ఎవరి చేతిలో పెట్టాలన్నదే మా ఇంట్లో రోజూ పంచాయితీ.

మనిషిని చూడటానికి బాపుకు ఒక పద్ధతి ఉంది. ఎడ్ల బేరమైనా, పిల్ల సంబంధమైనా అవతలి మనిషిని వాకిట్లో కూర్చోబెట్టి కల్లు పోసేవాడు. కల్లు కడుపులో పడ్డాక ఎవడూ అబద్ధమాడలేడని ఆయన నమ్మకం. మా ఊళ్లో సగం మందిది అదే నమ్మకం.

మొదట పోస్టాఫీసు పథకాలు కట్టించే రిటైర్డు సారు వచ్చాడు. గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను ముట్టనయ్యా. రసీదు చూస్కో, పాసుబుక్కు చూస్కో. నన్ను చూసేదేమున్నది?"

ఆయన వెళ్లగానే బాపు మూతి ముడిచాడు. "తాగనోని కడుపుల ఏమున్నదో ఎట్ల తెలుస్తది?"

"బాపూ, సారు ఊరందరి పైసలు మిత్తితోని తిరిగి తెచ్చిచ్చిండు గద!" అన్నాను.

"నీకేం తెల్వది, ఊకో."

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికే పటాన్‌చెరులో మందుల ప్యాకింగు పనికి పోతున్నాను, నా జీతం పనికొస్తుంది గానీ నా మాట పనికిరాదు!

తర్వాత ఒక ఫైనాన్సు కంపెనీ ఏజెంటు వచ్చాడు. కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చున్నాడు. పోసినకొద్దీ తాగాడు. ఉన్నట్టుండి బాపు చేతులు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"నన్ను నమ్మకు కాకా. నేను మంచోన్ని గాదు. నీ పైసలు నాకియ్యకు."

నేను పక్కనే గిన్నెలు తోముతున్నాను. ప్రతి మాటా విన్నాను. బాపు వాడి వీపు నిమిరి, మా వైపు తిరిగి మురిసిపోయాడు. "సూసిండ్రా? దొంగోడైతే గిట్లంటడా?" అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ జాలేసింది. మర్నాడే బాపు పైసలన్నీ వాడికిచ్చాడు.

కొన్ని నెలలు పైసల మీద మిత్తి వచ్చింది. తర్వాత కంపెనీ షట్టరు దిగింది. తిరగ్గా తిరగ్గా బాపుకు వాడు సంగారెడ్డి బస్టాండులో దొరికాడు. కాలరు పట్టుకుంటే వాడు విడిపించుకోలేదట.

"చెప్పిన గద కాకా," అన్నాడట.

బాపు చెయ్యి దానంతటదే జారిపోయిందట. ఇంటికొచ్చి అమ్మతో ఇంతే చెప్పి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ ఏడుపు నాటకమైతే నోరారా తిట్టి మర్చిపోయేదాన్ని. వాడు నిజమే చెప్పాడు, అదే నన్ను తినేసింది. మిషన్ల చప్పుడులో, బస్సులో, ఎవరైనా ఎవరినైనా కాకా అని పిలిస్తే చాలు, వాడి మాటే చెవుల్లో మోగేది. దయ్యమైతే యాపమండలతో దులిపించుకునేదాన్ని.

బాపు మా పాత పొలంలో లేచిన ఫ్యాక్టరీలోనే తోటమాలిగా చేరాడు. కాలూ చెయ్యీ పడిపోయి మంచాన పడ్డాక మతి తప్పింది. రోజూ ఒకటే అడిగేవాడు.

"రెండెకరాల రిజిస్ట్రీ ఎప్పుడు బిడ్డా?"

అమ్మ ముఖం తిప్పుకునేది.

"రేపే బాపూ," అనేదాన్ని.

నమ్మేవాడు.