రెండు పూటలా నీళ్ళు

రావులపాలెం దగ్గర ఒక లంకకు పడవ నడిపే ఆయన నాకు పదేళ్ళుగా తెలుసు. లంకలో పండిన అరటి గెలలు, కూలికి వెళ్ళే ఆడవాళ్ళు, బడిపిల్లలు, అందరూ ఆయన పడవ మీదే గోదావరి దాటేవారు. ఆ పడవ తప్ప ఆయనకు మరో ఆధారం లేదు. నేను ఆ ప్రాంతానికి విలేకరిని.

తొంభైల చివర్లో ఒక వేసవిలో హైదరాబాద్‌లోని అంతర్జాతీయ కళల కేంద్రం తరఫున ఒక విదేశీ శిల్పి వచ్చింది. ప్రదర్శనలో పెట్టడానికి వాడుకలో ఉన్న పాత పడవ కావాలంది. రేవు చూపించింది నేనే. ఆయన అమ్మనన్నాడు. వరద రోజుల్లో అధికారులు ఎలాగూ రేవు మూసేస్తారు, ఆ మూడు నెలలూ ఊరికే కట్టేసుకునే బదులు అరువిస్తే పోయేదేముందని నేనే సర్దిచెప్పాను. దసరాకు తెచ్చి అప్పగిస్తామని ఆమె మాటిచ్చింది.

ఆయన భార్యకు ఇదంతా నవ్వులాటగా ఉంది. "ఊరందర్నీ ఏరు దాటిస్తాడు గానండీ, నన్ను రావులపాలెం దాటించలేదీయన. పడవ మాత్రం హైదరాబాద్ ఎల్తంది."

లారీ ఎక్కించే రోజున, శిల్పికి చెప్పమంటూ ఆయన నాకు చాలా విషయాలు చెప్పాడు. ఎంత గట్టి కలపైనా నీళ్ళలో ఉన్నంతకాలమే పడవ. ఒడ్డున పెడితే పలకలు ఎండి ముడుచుకుంటాయి. నీడన ఉంచాలి, తడిగోనెలు కప్పాలి, రెండు పూటలా లోపల రెండేసి బిందెల నీళ్ళు పోయాలి. అవతల లారీ డ్రైవరు హారను కొడుతున్నాడు. అరపేజీ మాటను ఒక్క వాక్యానికి కుదించడం నా ఉద్యోగం. పడవను చాలా జాగ్రత్తగా చూసుకోమంటున్నాడని ఆమెకు ఇంగ్లీషులో చెప్పి ఊరుకున్నాను. ఆమె ఆయనకు నమస్కారం పెట్టింది. ఆయన తృప్తిపడ్డాడు. గోదావరి పడవకు దక్కిన గౌరవం గురించి మర్నాడు మా పేపర్లో మూడు కాలమ్‌ల వార్త వచ్చింది.

దసరా వెళ్ళిపోయింది. వరద తీసింది, రేవు తెరిచారు, పడవ మాత్రం రాలేదు. ప్రదర్శన పొడిగించామని ఉత్తరం వచ్చింది. ఈలోగా లంకలో గెలలు కోతకొచ్చాయి. పక్క రేవు పడవలవాళ్ళు వాటిని చేరవేయడం మొదలుపెట్టారు. ఇక ఆగలేక ఆయనా నేనూ రాజమండ్రిలో రైలెక్కాం.

ఆ కేంద్రం అద్దాల తలుపు దగ్గర ఆయన చెప్పులు విప్పేశాడు. అక్కర్లేదని వాచ్‌మన్ చెబితే చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. మొదటి గదిలో ఏ దేశం ఆయనో విరిగిన కుర్చీలను కప్పు దాకా పేర్చాడు. మా పడవాయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. "మా హైస్కూల్లో ఇంతకంటే ఎక్కువున్నాయండి," అన్నాడు.

చివరి గదిలో పడవ ఉంది. తెల్లటి గోడల మధ్య, ఇనుప స్టాండ్ల మీద, మనిషి ఎత్తున నిలబెట్టారు. ఏసీ చల్లగా తగులుతోంది. ఎక్కడో దాచిన స్పీకరులోంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఆయన చెవి ఒగ్గి విన్నాడు. మన రేవు కాదండి, బోరు నీళ్ళు, అని తేల్చాడు. పైనుంచి పెద్ద దీపాలు వెలుగుతున్నాయి. పడవ కింద నేల మీద సన్నటి వెలుగు గీతలు పడుతున్నాయి. నేను అలంకారం అనుకున్నాను. ఆయన చెప్పులు అక్కడే వదిలేసి పడవ కిందికి దూరాడు. పలకల సందుల్లో వేలు పెట్టి చూశాడు. ఒకచోట గోరు దూరింది. ఇంకోచోట వేలే దూరింది.

కేంద్రం వ్యవహారాలు చూసే ఆవిడ వచ్చింది. తెలుగావిడే, మర్యాదస్తురాలు. పడవ ఆయనదేనని తెలిసి కుర్చీ వేయించి టీ తెప్పించింది. మొదటిరోజు ఈ గీతలు లేవట. వారం వారం పెరుగుతున్నాయట. ఈ ప్రదర్శనలో అందమంతా అదేనని శిల్పి మురిసిపోతోందని, పొడిగించింది కూడా అందుకేనని చెప్పింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"మీరు చెప్పినట్టే ఎంతో జాగ్రత్తగా చూసుకున్నామండీ. చుక్క తడి తగలనివ్వలేదు."

ఆయన నా వైపు చూశాడు. నేను టీ కప్పులోకి చూశాను.

పడవ అడిగితే ప్రదర్శన ముగిశాకే పంపుతామంది ఆవిడ. పోనీ ఇప్పుడైనా రెండు బిందెలు పోయించమని ఆయన అడిగాడు. నేల చెక్కది, పాడైపోతుందని, పైగా శిల్పి ఒప్పుకోనిదే కుదరదని ఆవిడ నొచ్చుకుంటూనే చెప్పింది. తిరుగు రైల్లో ఆయన నన్నేమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలా అని నేను రాజమండ్రి దాకా ఆలోచించుకుంటూనే ఉన్నాను.

పడవ మాఘమాసంలో వచ్చింది. శుభ్రంగా తుడిచి, గుడ్డలు చుట్టి పంపారు. ఎండిన పడవకు ఒకటే వైద్యం. రాళ్ళేసి రేవులో ముంచితే చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది, సందులు పూడుకుంటాయి. మామూలుగా నాలుగు రోజులు చాలు. ఆయన పదిహేను రోజులు ముంచి ఉంచాడు.

పైకి తీసే రోజున నేనూ వెళ్ళాను. సన్నటి సందులు పూడాయి గానీ, మేకులు దిగిన చోటల్లా పలకలు నిలువునా చీలి ఉన్నాయి. వాటిలో నార కూరి తారు పూశాడు. తారు ఆరాక నీళ్ళలోకి నెట్టి, బరువుకు ఎలా ఉంటుందో చూద్దామని నన్నెక్కమన్నాడు. గెడ వేసి పది గజాలు వెళ్ళేసరికి నా మడమలు తడిశాయి. ఆయన గెడ పక్కనపెట్టి డబ్బాతో తోడడం మొదలుపెట్టాడు. తోడిన నీరంతా మళ్ళీ వస్తోంది. చాలాసేపు తోడాడు. ఒడ్డున కూర్చున్న ఆయన భార్య లేచి నిలబడింది. ఆయన డబ్బా కింద పెట్టేశాడు.

ఆ రోజు లారీ దగ్గర ఆయన చెప్పినవేవీ నేను శిల్పికి చెప్పలేదని అప్పుడు చెప్పాను.

"తెలుసండి," అన్నాడు. గెడ పొడిచి పడవను ఒడ్డు వైపు తిప్పాడు. మోకాలి లోతు ఉందనగా ఆపాడు.

"దిగండి. మీ బరువు లేకపోతే ఒడ్డు దాకా వస్తాదేమో."