ఊపిరి బిగపట్టించే కృష్ణమోహన్

మెదక్‌లో కృష్ణమోహన్ ఇల్లెక్కడ అంటే ఏ కృష్ణమోహన్ అని ఎదురడిగేవారు. ఎక్స్‌రే సారు ఇల్లంటే మాత్రం ఆటో వాళ్లు గల్లీ మలుపుదాకా తీసుకొచ్చి దింపేవారు. రేగోడ్‌లో పుట్టి, సర్కారు దవాఖానలో ఎక్స్‌రే గది ఉద్యోగం దొరికి మెదక్‌కు వచ్చిన మనిషి ఆయన. రిటైరయ్యే నాటికి ఊళ్లో సగం మంది ఛాతీలు ఆయన చూసినవే. బజారులో ఎవరైనా నమస్తే పెడితే పేరు గుర్తుకొచ్చేది కాదు కానీ, "పక్కటెముక అతుక్కున్నదా మంచిగ?" అని మాత్రం తప్పకుండా అడిగేవాడు.

రిటైరైన రోజు తోటివాళ్లు శాలువా కప్పి గోడ గడియారం చేతిలో పెట్టారు. మర్నాడే ఆయన హైదరాబాద్ బస్సెక్కి కెమెరా కొనుక్కొచ్చాడు. భార్య యశోద ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిన్నేండ్లు మందిని లోపలికెళ్లి చూసినవ్. ఇగ జర పైకెళ్లి చూడు, మంచిగుంటరేమో" అంది.

ఆ పైనుంచి చూడటమే ఆయనకు పట్టుబడలేదు. పిట్టలు బాగా వచ్చేవి. పొద్దుటి మంచులో ఖిల్లా గోడలు, చెరువులో వలలు విసిరే పడవలు బాగా వచ్చేవి. మనుషులు మాత్రం సరిగ్గా వచ్చేవారు కాదు. తప్పు ఎక్కడుందో ఊళ్లో అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. కెమెరా కంటికి ఆనించగానే నోరు దానంతటదే తెరుచుకునేది.

"ఊపిరి బిగవట్టుండ్రి."

ఎదురుగా నిలబడ్డవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఆ గదిలో ఆ మాట విన్నవాళ్లే కాబట్టి గుండెలనిండా గాలి పీల్చి, భుజాలెత్తి, కళ్లు పెద్దవి చేసి కొయ్యబారిపోయేవారు. క్లిక్‌మనేది. "ఆ, వదలుండ్రి" అనేదాకా ఎవరూ కదిలేవారు కాదు. అలా ఆయన తీసిన పెళ్లికూతుళ్లు, మనవరాళ్లు, చివరికి ముంతలో కల్లు పోసుకుంటున్న చుట్టాలు కూడా దవాఖాన బల్ల ముందు నిలబడ్డట్టే ఉండేవారు.

ఆదివారం పొద్దున రాందాస్ చౌరస్తా దగ్గరి చాయ్ హోటల్లో ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కూడేవారు. డ్రాయింగ్ మాస్టరు ఎబినేజర్, శివ్వంపేటలో పొలాలున్న జనార్దన్, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహలత, కృష్ణమోహన్. వారంలో తీసినవాటిలో ఒక్కటి అచ్చు వేయించుకొచ్చి బల్ల మీద పెట్టాలి. వాళ్లు రెండు కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఊళ్లోని పెద్ద చర్చి ఫోటో తెచ్చినవాళ్లు అందరికీ చాయ్ తాగించాలి, లేకపోతే ప్రతి వారం నాలుగు చర్చిలే వచ్చేవి. రెండోది, ముందు తప్పు చెప్పనిదే ఎవరూ మెచ్చుకోకూడదు. కృష్ణమోహన్ మనిషి ఫోటో తెచ్చిన రోజు మెచ్చుకోవడం దాకా వెళ్లే పని పడేదే కాదు.

యశోద జ్వరంతో పోయి మూడేళ్లయింది. ఆయన తీసిన ఫోటోనే పెద్దది చేయించి ఇంట్లో ఒకటి, కుల్చారంలో ఆమె తల్లి శివమ్మ ఇంట్లో ఒకటి పెట్టారు. ఆకుపచ్చ పట్టుచీర, భుజాలు పైకి, పెదవులు గట్టిగా మూసి.

శివమ్మకు బీపీ గోలీలు ఇచ్చి రావడానికి ఆయన నెలకోసారి స్కూటర్ మీద కుల్చారం వెళ్లేవాడు. ఒకసారి ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ, తలెత్తకుండానే అంది.

"అల్లుడు, నాదొక ఫోటో తియ్యి. రేపు నేను పోయినంక గోడకు పెట్టెతందుకు. కానీ నా బిడ్డది తీసినట్ల తియ్యకు."

"ఎందుకత్తమ్మా?"

"పొద్దుగాల లేసి దాని ముందట దీపం పెడ్త. చూస్తే నాకే ఊపిరాడది. మూడేండ్లాయె, ఇంకా బిగవట్టుకొనే నిలవడ్డది. నా బిడ్డ గట్ల ఉండెనా?"

ఆ మాటలో నిందేమీ లేదు. చిక్కుడు ముదురుగా ఉందని చెప్పినట్టే చెప్పింది. కృష్ణమోహన్ చెప్పులేసుకున్నాడు. దారి పొడుగునా మనసులో ఒకటే. ఇంట్లో ఉన్న యశోద ఫోటోలన్నీ ఒకటొకటిగా తలచుకున్నాడు. అన్నిట్లోనూ బిగపట్టే ఉంది. ఇక ఆమెను మళ్లీ తీయలేడు. ఆమె తల్లినైనా ప్రాణమున్న మనిషిలా తీయాలి. అదొక్కటి చేతకాకపోతే ఈ కెమెరా ఎందుకు?

రెండు రోజులకే మళ్లీ వెళ్లి ఒకటి తీసి, అచ్చు వేయించి తెచ్చిచ్చాడు. శివమ్మ దాన్ని దూరంగా పెట్టి చూసి, "మంచిగున్నది, డాక్టరుకు చూపియ్యి" అని తిరిగిచ్చేసింది.

ఆ ఆదివారం దాన్నే బల్ల మీద పెట్టి, సంగతంతా చెప్పాడు.

"ముందుగాల తప్పులు చెప్పుండ్రి."

"తప్పేముంది సార్" అన్నాడు జనార్దన్. "ఊపిరితిత్తులు సాఫున్నయి. నెమ్ము లేదు."

ఎబినేజర్‌కు చాయ్ పొలమారింది. స్నేహలత నవ్వాపుకొని, "అన్నా, నోరు తెరవకుండ తీసి చూడుండ్రి. నోట్ల ఒక లవంగం పెట్టుకోండ్రి" అంది.

"చూసినమ్మా. మాట రాకుంటే వేలు కదుల్తలేదు."

"గదెట్ల కదలదో చూద్దాం. మాస్టర్ సాబ్, జర నవ్వుండ్రి."

హోటలాయన లవంగం తెచ్చిచ్చాడు. కృష్ణమోహన్ దాన్ని బుగ్గన పెట్టుకుని ఎబినేజర్ వైపు కెమెరా గురిపెట్టాడు. ఎబినేజర్ నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు. చెంపలు నొప్పి పుట్టాయి, మీసం వణికింది, వేలు మాత్రం బటన్ మీద అలాగే ఉంది. చివరికి లవంగం పక్కనుంచి మాట జారింది. "ఊబిరి బిగవట్టుండ్రి." ఎబినేజరే కాదు, అటుపక్క చాయ్ పోస్తున్న హోటలాయన కూడా గిన్నె పైకెత్తి అలాగే ఆగిపోయాడు.

"వదలుండ్రి సార్, జల్ది వదలుండ్రి" అన్నాడు జనార్దన్. "పొయ్యి మీద చాయ్ పొంగుతున్నది."

తర్వాతి ఆదివారం నలుగురూ జనార్దన్ జీపులో కుల్చారం వెళ్లారు. శివమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని తయారుగా ఉంది. ఎబినేజర్ ఆమెను లోపలి నుంచి తీసుకొచ్చి, తలుపు పక్కన వెలుతురు ఒక చెంప మీద పడేలా పీట వేసి కూర్చోబెట్టాడు. రెండో చెంప చీకటి కాకుండా స్నేహలత తెల్ల పంచె ఒకటి పరిచి పట్టుకుంది.

"బట్టలారేస్తున్నరా, నన్ను తీస్తున్నరా?" అంది శివమ్మ.

కృష్ణమోహన్ కెమెరా ఎత్తాడు. ఇవాళ అననే అనకూడదని ఇంటి దగ్గర, జీపులో, గుమ్మం ముందు అనుకున్నాడు. అనేశాడు.

"ఊపిరి బిగవట్టు అత్తమ్మా."

ఆమె బిగపట్టింది. సరిగ్గా అప్పుడే జనార్దన్ వెనక నుంచి తొంగిచూశాడు.

"సార్, లెన్సు కంత నాలుగు మీద పెట్టిండ్రేంది? మొత్తం తెరువుండ్రి. వెనక గోడ మసకై వెన్న లెక్క కరగాలె."

"పటేలా, గంత తెరిస్తే ఒక కన్నే సాఫొస్తది" అన్నాడు ఎబినేజర్. "ఇంకోటి మసకైతది."

"ఒక కన్ను చాలదా?"

"ఆమెకు రెండున్నయి గదా."

"నా బుర్రపిట్ట ఫోటోకు మీరే గదా అన్నరు, వెనకదంత కరగాలని."

"పిట్టకు పక్కకెళ్లి ఒకటే కన్ను కనవడుతది, పటేలా. ముసలమ్మ పిట్టనా?"

కృష్ణమోహన్ కెమెరా దించి చక్రం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎవరి మాట వినాలో తేలక మళ్లీ కంటికి ఆనించాడు. శివమ్మ వదల్లేదు. ఆ గొంతు వదలమని చెప్పేదాకా వదలకూడదని ఆమెకూ తెలుసు. మొహం ఎర్రబడింది. కళ్లు గుండ్రంగా అయ్యాయి. ఇక ఆగలేక చెయ్యి ఎత్తింది.

"ఓ అల్లుడు, మీకు ఫోటో గావాల్నా, పీనుగ గావాల్నా?" అని గాలంతా ఒక్కసారి వదిలేసి, తన మాటకు తానే పగలబడి నవ్వింది.

"అయ్యో, వదులు, వదులు" అన్నాడు కృష్ణమోహన్. ఆ మాటతో వేలు నొక్కేసింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వదలమన్నాక ఆ వేలు ఎన్నడూ బటన్ నొక్కి ఎరగదు.

తెర మీద బొమ్మ చూసుకున్నాడు. బోసి నోరు బార్లా తెరిచి ఉంది. కొట్టబోతున్నట్టు ఎత్తిన చెయ్యి. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయి, కుడి కన్ను ఇంకా సగమే మూసుకుంది. యశోదకు నవ్వొస్తే ముందు ఎడమ కన్నే మూసుకునేది, ఏదో కొంటె మాట తనకొక్కదానికే తెలిసినట్టు. ఇంట్లో అన్ని ఫోటోలున్నా ఆ కన్ను ఒక్కదాంట్లోనూ లేదు.

కెమెరాను ఎబినేజర్ చేతిలో పెట్టి, దాహమైతున్నదని వాకిట్లో నల్లా దగ్గరికి వెళ్లాడు. వెనక కెమెరా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది. యశోద నవ్వు వాళ్లందరూ చూసినవాళ్లే. చివరికి ఎబినేజర్ వాకిట్లోకి వచ్చాడు.

"ఆమె చెయ్యి ఊగి మసకైంది, మోహన్."

కట్టుబాటు ప్రకారం ముందు తప్పే చెప్పాలి మరి.

అచ్చు వేసిన ఫోటో ఆ తర్వాతి ఆదివారం బల్ల మీదికొచ్చింది. చెవి మసకగా ఉందన్నారు. కొంగు అంచు తెగిందన్నారు. జనార్దన్ గోడ కరగలేదని చాలాసేపు వాదించాడు. తప్పులు అయిపోయాయి, మెచ్చుకునే వంతు వచ్చింది. స్నేహలత ఫోటోను మళ్లీ తన వైపు తిప్పుకుంది. జనార్దన్ లేచి, ఆ వారం ఎవరూ చర్చి ఫోటో తేకపోయినా, అందరికీ చాయ్ చెప్పాడు.

ఫ్రేము కట్టించి కృష్ణమోహన్ కుల్చారం తీసుకెళ్లాడు. శివమ్మ దాన్ని తలుపు దగ్గరికి తెచ్చి వెలుతుర్లో చూసింది.

"పండ్లు కట్టించుకున్నంక తియ్యరాదు?"

"మల్ల తీద్దమా మరి?"

"ఒద్దు ఒద్దు. ఈసారి నిజంగనే పోత." ఇంకొంచెంసేపు చూసింది. వేలితో ఆ మూసుకున్న కన్ను మీద ఒకసారి తట్టింది. "గీడనే పెట్టు, యశోద పక్కకు."

"బతికున్నోళ్ల ఫోటో గాడ పెట్టొద్దంటరు అత్తమ్మా."

"దండ వెయ్యకు. గంతే."

ఆయన స్టూలెక్కి మేకు కొట్టి తగిలించాడు. శివమ్మ కొంగుతో రెండు అద్దాలూ తుడిచింది. బిడ్డ ఫోటో ముందు ఆగి, భుజాలెత్తి నిలబడ్డ ఆ మనిషిని తలెత్తి చూసింది.

"మీ ఆయన తీసుడయిపోయింది బిడ్డా. ఇగ వదులు."

కృష్ణమోహన్ సుత్తి పట్టుకుని స్టూలు మీదే నిలబడిపోయాడు. శివమ్మ ఆయన మోకాలి మీద చరిచింది.

"దిగు అల్లుడు. చాయ్ పెడ్త."