కుమెజిరో ఎడమ వైపు

సినిమాలో మిత్సుయోకి ముఖం ఉండేది కాదు. ముఖం పెద్ద నటిది. కత్తి దూసే చెయ్యి, మంచులో దొర్లే వీపు మాత్రం మిత్సుయోవి. క్యోటోలో, ఉజుమసా స్టూడియో దుస్తుల గదిలో నేను ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఆమె నడుముకి పట్టీ బిగించింది నేనే కాబట్టి ఈ సంగతి నాకు తెలుసు.

ఊరూరా తిరిగే నాటకాల వాళ్ల పిల్ల ఆమె. పన్నెండో ఏటనే కత్తి పట్టింది. ఇంటికప్పు మీంచి దూకమంటే "ఎన్నిసార్లు?" అని అడిగే రకం.

ఆ చలికాలం తీస్తున్న సినిమాలో, తండ్రిని చంపిన నలుగురిని కూతురు వెతికి వెతికి చంపుతుంది. ముగ్గురు అయిపోయారు. నాలుగోవాడి వేషం కుమెజిరోది. అరవై ఒక్కేళ్ల మనిషి, ముప్ఫై నాలుగేళ్లుగా తెర మీద చస్తూనే ఉన్నాడు. "నేను చచ్చినన్నిసార్లు నువ్వు అన్నం తిని ఉండవే పిల్లా!" అని మిత్సుయోని ఏడిపించేవాడు.

సాధన మొదలైన రోజు అతని వెదురు కత్తి ఆమె చెవిని రాసుకుంటూ పోయింది. రెండో రోజు భుజం మీద పడింది. కిమోనో విప్పుతూ చూస్తే అక్కడ వంకాయరంగు తేలి ఉంది.

"తాతకి నా మీద కోపమేమో అక్కా," అంది నవ్వుతూ.

మూడో రోజు భోజనాల దగ్గర కుమెజిరో ఊరేసిన రేగిపండు కోసం అన్నం తినే పుల్లలు చాపాడు. పుల్లలు పండుకి బెత్తెడు ఇవతలే మూసుకున్నాయి. మిత్సుయో తినడం ఆపేసింది. లేచి, చప్పుడు కాకుండా అతని ఎడమ వైపుకి వెళ్లి, కణత పక్కన అరచెయ్యి ఆడించింది. అతని రెప్ప కదల్లేదు.

"తాతా, ఈ కన్ను ఎప్పుడు పోయింది?"

అతని చేతిలోంచి పుల్లలు జారిపోయాయి. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"వానల్లో," అన్నాడు చివరికి. "ఎవరికీ చెప్పకండమ్మా. తెలిస్తే నన్ను శవాల వేషాల్లో పడుకోబెడతారు. నిలబడి చచ్చేవాణ్ణి నేను."

చివరి దెబ్బలాటలో మిత్సుయో అతని ఎడమ పక్కనుంచి దూకాలి. అతను గిర్రున తిరిగి ఆమె నడినెత్తి మీదికి కత్తి దించాలి. అది దిగేలోపు ఆమె వంగాలి. దగ్గర్నుంచి తీసే షాట్ కాబట్టి వెదురు పనికిరాదు, కత్తి తళతళలాడాలి. లోహపు కత్తి ఇస్తారు. పదును ఉండదు గానీ పుర్రె పగలడానికి పదునెందుకు?

ఆ పూట నుంచి మిత్సుయో ముద్ద మింగలేదు. ఎవరైనా వెనక తలుపు వేస్తే ఉలిక్కిపడేది. పట్టీ కడుతుంటే ఆమె డొక్కలు వణకడం నా వేళ్లకి తెలిసేది.

"ఇంకా బిగించక్కా. వణుకు పైకి కనిపిస్తోంది."

"నేను వెళ్లి ఒగాతాగారికి చెప్పేస్తా," అన్నాను. ఒగాతా కత్తి పోరాటాలు నేర్పే గురువు.

"ముసలాయన బతుకు తీసేస్తావా?" అని నా మణికట్టు పట్టుకుంది.

షూటింగ్ పొద్దున ఆమే ఒగాతా ముందుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది.

"గురువుగారూ, నాకు భయంగా ఉంది. ఎడమ పక్కనుంచి రాలేను. కుడి పక్కకి మార్చండి."

అందరూ చుట్టూ చేరారు. ఒగాతా ముఖం నల్లబడింది. "పగ తీర్చుకునే ఆడది భయమంటోందిరా! మరి చీపురు పట్టుకో, ఊడుద్దువుగాని!" ఎవరో కిసుక్కుమన్నారు. కుమెజిరో మాత్రం తల ఎత్తలేదు.

తిట్టి తిట్టి, చివరికి కుడి పక్కకే మార్చాడు.

కాగితపు మంచు రాల్చారు. మిత్సుయో దూకింది. కుమెజిరో కుడి కన్నుకి ఆమె కనిపించింది గానీ, ఒంటి కన్నుకి ఎంత దూరంలో ఉందో అందలేదు. కత్తి అనుకున్నదానికన్నా ముందే దిగింది. నేను కళ్లు మూసుకున్నాను. బట్ట చిరిగిన చప్పుడైంది. కళ్లు తెరిచేసరికి, కత్తి మొన తగులుకుని ఆమె కుడి చేతి గుడ్డ భుజం నుంచి మోచేతి దాకా చీలి వేలాడుతోంది. లోపల చర్మం మీద ఎర్రటి గీత. అయినా ఆమె కత్తి అతని డొక్క పక్కగా పోయింది. కుమెజిరో నిలబడి, ఊగి, ఎంతో అందంగా చచ్చాడు.

ఆమె వేళ్లు కత్తిపిడి వదల్లేదు. ఒక్కొక్క వేలూ నేను విప్పాల్సి వచ్చింది. ఆ వణికే చేతిని సినిమాలో అలాగే ఉంచారు. చూసినవాళ్లు అది కోపమనుకున్నారు.

పది రోజులు గడిచాక కుమెజిరో తనంతట తానే ఒగాతాకి నిజం చెప్పేసి, నుదురు నేలకి ఆనించి, కత్తి అప్పజెప్పి వెళ్లిపోయాడు. ఒగాతా మిత్సుయోని పిలిచి, టీ పోసి ఇచ్చాడు. అయినా పిరికిదన్న పేరు స్టూడియోలో ఆమెకి అతుక్కునే ఉంది. మరుసటి ఏడు పిలుపులు తగ్గాయి.

ఇప్పుడు ఓత్సు ఊళ్లో బడిపిల్లలకి పొడుగు కర్ర కత్తి నేర్పుతోంది. మొన్న వెళ్లాను. ఒక పిల్ల కర్ర ఎత్తగానే మిత్సుయో భుజం తనకి తెలియకుండానే ముడుచుకుంది.

"ఆ భయం ఇంకా పోలేదా?" అన్నాను.

"లేదక్కా," అని, ఆ పిల్లని రెండడుగులు వెనక్కి జరిపింది.