శుక్రవారం తెనాలి

మా పెద్ద మేనత్త పోయిందన్న వార్త బాపట్లలో, కాలేజీ స్టాఫ్ రూములో, నేను అన్నం డబ్బా మూత తీస్తుండగా తెలిసింది. ఫోన్ చేసింది రేపల్లెలో ఉండే మా చిన్నత్త. "అక్క లేదే" అని, ఇంక మాట్లాడలేకపోయింది. కాసేపటికి తెనాలి చర్చి వాళ్ళ గ్రూపులో ఆవిడ ఫోటో పెట్టి 'ప్రభువునందు నిద్రించారు' అని రాశారు. మాలో అందరికీ అలాగే రాస్తారు. కానీ పగటిపూట కునుకు తీసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండే మనిషికి ఆ మాట ఏమాత్రం నప్పలేదు. పొద్దున్న బట్టలు ఆరేసి, లోపలికొచ్చి కుర్చీలో కూర్చుందట. మరి లేవలేదు.

ఆవిడ గొప్పది అని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ మాట వింటే ఆవిడే నన్ను చీవాట్లు పెట్టేది. తెనాలిలో లెక్కలు చెప్పి రిటైరైన టీచరు, మా నాన్నకు అక్క, నాన్న మంచం పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండేట్టు చూసిన అక్క. ఇది చెప్పుకోవడానికి చిన్న పనే. చేసినవాళ్ళకే తెలుస్తుంది అందులో కష్టం.

నాన్నకు కిడ్నీలు పాడయ్యాక వారానికి మూడుసార్లు, సోమ బుధ శుక్రవారాల్లో, తెనాలి ఆసుపత్రిలో డయాలసిస్ మొదలైంది. ఒక పూటంతా మిషన్ పక్కన కదలకుండా పడుకోవాలి. అమ్మా నాన్నా ఉండేది అంగలకుదురులో. అక్కడి నుంచి ఆటోలో తీసుకురావడం కష్టం కాదు. కానీ ఆ వార్డు పై అంతస్తులో ఉంది, లిఫ్టు పేషెంట్లకే. మిగతావాళ్ళు మెట్లెక్కాలి. అమ్మ మోకాళ్ళు వాళ్ళింటి గడప దాటడానికే మొరాయిస్తాయి. కాబట్టి నాన్న పక్కన కూర్చోవాల్సింది మేమే, అంటే పెద్దత్త, చిన్నత్త, నేను.

మొదట్లో ఫోన్ల మీద సర్దుకునేవాళ్ళం. ఒకరోజు ఇద్దరం వెళ్ళి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంకోరోజు నువ్వెళ్తావనుకున్నానంటే నువ్వెళ్తావనుకున్నానని చిన్నత్తా నేనూ పోట్లాడుకున్నాం. అది విని పెద్దత్త రంగంలోకి దిగింది. స్కూల్లో ఏ టీచరైనా సెలవు పెడితే ఆ క్లాసుకి ఎవరు వెళ్ళాలో రాసే పని ఏళ్ళ తరబడి ఆవిడదే. ఆ లెక్కలోనే దీన్నీ చూసింది. "టీచర్ లేని క్లాసూ, మనిషి లేని మంచమూ ఒకటే. రెండూ ఖాళీగా వదలకూడదు" అంది. ఆవిడ దగ్గర బైబిలు పెద్ద అక్షరాల్లో చదువుకోవడానికి కొనుక్కున్న ట్యాబ్ ఉంది. చర్చిలో ఎవరో పిల్లని కూర్చోబెట్టుకుని, అందులోని క్యాలెండర్ మా అందరి ఫోన్లలోనూ కనపడేట్టు పెట్టించుకుంది. ఇకమీదట ఫోన్లు చేసుకోవడాలు లేవనీ, ఎవరి వంతు ఎప్పుడో అందులోనే చూసుకోవాలనీ మాకు ఆర్డరేసింది.

క్యాలెండర్లో మా పేర్లు రాసేది కాదు. ఊళ్ళు రాసేది. సోమవారం రేపల్లె, బుధవారం బాపట్ల, శుక్రవారం తెనాలి. ఒక వేలితో, పైకి చదువుకుంటూ, ఒక్కో అక్షరమే కొట్టేది. బస్సు బోర్డులాగా ఇదేంటి అత్తయ్యా అంటే, "మనిషి ఎక్కణ్ణుంచి బయల్దేరాలో తెలిస్తే ఎన్నింటికి లేవాలో తెలుస్తుంది" అంది. కొన్నాళ్ళకి వార్డులో సిస్టర్లు కూడా మమ్మల్ని ఊళ్ళతోనే పిలవడం మొదలుపెట్టారు.

ఏదైనా మార్పు ఉంటే ఆవిడకి మాత్రం ఫోన్లో చెప్పుకోవచ్చు, దానికీ ఒక్కటే వేళ. ఆదివారం ఆరాధన అయ్యాక. పాత చీర గుడ్డతో కుట్టుకున్న సంచిలోంచి ట్యాబ్ తీసి, చర్చి ఆవరణలోనే అరుగు మీద కూర్చుని రాసేసేది. ఒక ఆదివారం చిన్నత్త జ్వరమొచ్చి రాలేనని చెప్పింది. సోమవారాలు నాకు వీలేనని నేను ముందే చెప్పి ఉంచాను. ఆవిడ రేపల్లె తీసేసి బాపట్ల అని మార్చింది. నాకు ఫోన్ చేయలేదు. ఫోన్లు వద్దన్న రూలు పెట్టింది తనే, తన రూలు తను తప్పే రకం కాదు. ఆ సాయంత్రం నేను నా ఫోన్లో చూసుకున్నాను. సోమవారం రేపల్లె అనే ఉంది. మర్నాడు హాయిగా కాలేజీకి వెళ్ళిపోయాను.

నాన్నను ఆటో అతను వార్డులో దింపి వెళ్ళిపోయాడు. పక్కన ఎవరూ లేరు. మధ్యలో బీపీ పడిపోయి వణికాడట. మీవాళ్ళేరండి అని సిస్టరు అడిగితే, వస్తున్నారండి అన్నాడట. కాసేపాగి మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. మిషన్ ఆపి సూదులు తీసేదాకా అదే చెబుతూ పడుకున్నాడు. నాన్నకు ఫోన్ చేసి నేను ఏడుస్తుంటే, "ఏం కాలేదులేమ్మా. ఆ మంచం మీంచి గడియారం కనపడదు, అంతే" అన్నాడు.

ఈ సంగతి తెలిసి పెద్దత్త అంగలకుదురు వెళ్ళి తమ్ముడి పక్కన కూర్చుంది. మర్నాడు రైలెక్కి బాపట్లలో మా ఇంటికొచ్చింది. మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దని, ట్యాబూ ఫోనూ తీసి నా టేబుల్ మీద పక్కపక్కన పెట్టింది. అప్పటికి రెండింటిలోనూ బాపట్ల అనే ఉంది.

"ఇప్పుడు బుద్ధిగా కలిసే ఉన్నాయి చూడు. మరి నిన్న పొద్దున ఏం రోగం వీటికి?" అంది.

నేను అన్నీ చూశాను. రెండూ ఒకే అకౌంటుతో ఉన్నాయి, సెట్టింగులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ట్యాబ్‌లో సిమ్ము లేదు కాబట్టి బయట రాసింది దాని పొట్టలోనే ఉంటుందనీ, ఇంటికెళ్ళి నెట్టు తగలగానే మా ఫోన్లకు చేరుతుందనీ చెప్పాను. తన ఇంట్లో నెట్టు ఉందిగా అంది. నిజమే, ఉంది. ట్యాబ్‌లో 'పరీక్ష' అని రాయించాను. రెప్పపాటులో ఫోన్లోకి వచ్చింది. ఇద్దరం వెర్రిమొహాలు వేసుకుని చూశాం. నీ ఇంట్లో బుద్ధిగా ఉండి నా ఇంట్లో మొండికేస్తోంది, పిల్లలూ అంతే అని సంచి సర్దుకుంది. నవ్వించడానికే అంది గానీ ఆవిడ మొహంలో నవ్వు లేదు. తను రాసిన దాన్ని తనే నమ్మలేని స్థితి ఆవిడకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

ఆ ఆదివారం నేను తెనాలి వెళ్ళాను. చర్చి నుంచి వచ్చాక ఆవిడ వంటింట్లో ఉంటే, నేను ముందుగదిలో ట్యాబ్ పట్టుకుని కూర్చున్నాను. నెట్టు లేదు. లేచి చూస్తే టీవీ కింద ఉండే పెట్టె మీద ఒక్క లైటూ వెలగడం లేదు. దాని స్విచ్చి కట్టేసి ఉంది. తెనాలిలో చాలా ఇళ్ళలో ఉన్నట్టే ఆవిడకూ కేబుల్ అతను టీవీకీ నెట్టుకీ కలిపి ఒకటే పెట్టె పెట్టాడు.

స్విచ్చి ఎందుకు కట్టేశావని అడిగితే, "ఆదివారం నేను టీవీ పెట్టనని నీకు తెలీదా ఏంటి?" అంది గరిటె పట్టుకుని వస్తూ.

అప్పుడు అర్థమైంది. మా తాతగారి కాలం నుంచీ ఆ ఇంట్లో ఆదివారం వినోదం లేదు. సినిమా లేదు, పేకాట లేదు, తర్వాత టీవీ లేదు. ఆవిడ లెక్కలో ఆ పెట్టె టీవీ తాలూకు సామాను. శనివారం వార్తలయ్యాక ఆపితే మళ్ళీ సోమవారం సాయంత్రం వార్తలకే దానికి కరెంటు. ఆదివారం రాసిన మార్పులన్నీ సోమవారం సాయంత్రం దాకా ట్యాబ్‌లోనే ఉండిపోయేవి. అప్పటికి నాన్న మంచం మీంచి దిగి ఇంటికెళ్ళిపోయి ఉంటాడు.

ఇదంతా చెప్పాక ఆవిడ గరిటె పక్కన పెట్టి కూర్చుంది. "అయితే వాడు వస్తున్నారండి, వస్తున్నారండి అని చెప్పుకుంటూ పడుకున్నది నా ఆదివారం వల్లేనా?" అంది. దేవుడి కోసం చేసిన పనికి తమ్ముడు ఒంటరిగా పడుకోవాల్సి వచ్చింది అనుకుంటే ఎవరికైనా ప్రాణం చివుక్కుమంటుంది. నీ తప్పేం లేదన్నాను. ఆవిడ విన్నట్టు లేదు.

కాసేపటికి లేచింది. టీవీ వైరు ప్లగ్గులోంచి పీకి చుట్ట చుట్టి అల్మారాలో పెట్టింది. తర్వాత పెట్టె స్విచ్చి వేసింది. లైట్లు వెలిగాయి. "ఆదివారం నర్సులు డ్యూటీకి రావట్లా? ఇదీ డ్యూటీయే" అంది. తర్వాతి ఆదివారం పాస్టరు గారికి కూడా ఈ సంగతి చెప్పింది. అడగలేదు, చెప్పింది.

ఆ తర్వాత ట్యాబ్‌లో రాసి ఊరుకోవడం మానేసింది. ఇంటికెళ్ళి, ఫోను తీసి, కళ్ళజోడు సర్దుకుని అందులో కూడా చూసేది. కనపడగానే "వచ్చింది" అని పైకి అనేది, ఇంట్లో వినేవాళ్ళు లేకపోయినా. స్కూల్లోనూ అంతేనట. బోర్డు మీద లెక్క వేశాక చివరి బెంచీ దాకా నడిచి వెళ్ళి, అక్కడ నిలబడి, కనపడుతోందో లేదో తనే చూసుకునేది. "రాశానని ఊరుకుంటే ఎట్లా? చేరిందో లేదో చూసుకోవాలి" అనేది. ఈ మాట నేను మా స్టూడెంట్లకి ఎన్నిసార్లు చెప్పానో. నాకు చెప్పుకోవాల్సినన్నిసార్లు మాత్రం చెప్పుకోలేదు.

అప్పటి నుంచి ఆవిడ పోయేదాకా నాన్న ఒక్కరోజు కూడా ఒంటరిగా పడుకోలేదు. శుక్రవారాలు ఆవిడవే. దుప్పటి పల్చగా ఉందని సిస్టర్లతో గొడవపడేది. నాన్న అడక్కముందే టైము చెప్పేది. పక్క మంచాల వాళ్ళకీ చెప్పేది. నాన్న పిల్లప్పుడు ఎక్కాలు ఎగ్గొట్టి ఎక్కడ దాక్కునేవాడో వార్డంతా వినేట్టు చెబితే, అంత నీరసంలోనూ నాన్న సిగ్గుపడేవాడట.

ఆవిడ పోయింది మంగళవారం. బుధవారం సాయంత్రం సమాధి కార్యక్రమం. కానీ మిషన్‌కి చావూ పెళ్ళీ తెలియవు. ఆ బుధవారం పొద్దున్న నేను నాన్న పక్కన కూర్చున్నాను. ఆయన టైము తప్ప ఏమీ అడగలేదు. అక్కణ్ణుంచి నేరుగా సమాధుల తోటకి తీసుకెళ్ళాం. సూదులు తీసిన చేతికి కట్టు ఉండగానే వంగి మట్టి తీసుకుని వేశాడు. పట్టుకోబోతే వద్దన్నాడు.

గురువారం ఫోన్లో క్యాలెండర్ తెరిచాను. శుక్రవారం తెనాలి అని ఉంది. దాన్ని తీసి బాపట్ల అని రాయాలి, నాకు రాయడం వచ్చు, ఆవిడే మాకు ఆ వీలు కూడా పెట్టించింది. చెయ్యి రాలేదు. చిన్నత్తకి ఫోన్ చేద్దామనుకుని అదీ చేయలేకపోయాను. పొద్దున్నే రైలెక్కి తెనాలిలో దిగాను.

వార్డు బయట బెంచీ మీద చిన్నత్త అప్పటికే కూర్చుని ఉంది. తనకీ రాయడానికి చెయ్యి రాలేదట. నేనూ పక్కన కూర్చున్నాను. ఇంతలో మెట్ల దగ్గర ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు. వెళ్ళి చూస్తే అమ్మ. రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించుకుంటూ పైకొస్తోంది. ఆటో అతను వెనక చేతులు చాచి నిలబడ్డాడు. "ఇవాళ వదినది కదే. ఎవరూ ఉండరనుకున్నా" అంది అమ్మ, ఊపిరి పీల్చుకుంటూ.

లోపలికి ఒక్కరినే రానిస్తారు. సిస్టరు మా ముగ్గురినీ చూసి ఏదో అనబోయి, ఎవరు ముందో మీరే చూసుకోండమ్మా అని వెళ్ళిపోయింది. అమ్మ ముందు వెళ్ళింది, తర్వాత చిన్నత్త. వాళ్ళు వెళ్ళినప్పుడల్లా నాన్న ఎవరని అడిగి కళ్ళు తెరిచాడట. ఆఖర్న నేను వెళ్ళాను. కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఈసారి ఎవరని అడగలేదు, ఎవరో ఒకరు ఉంటారని తెలిసినవాడిలా. నా అడుగుల చప్పుడు మంచం దగ్గర ఆగాక, దుప్పటి కింద కాళ్ళు కాస్త పక్కకి జరిపి, కూర్చోవడానికి చోటిచ్చాడు.